చెప్పు పట్టీ అచ్చు నుంచి మొదలుపెట్టు

అమ్మాయ్,

బీపీ మాత్ర మీద నువ్వు పంపిన వ్యాసం నిన్న చిక్కడపల్లి లైబ్రరీ నుంచి ఇంటికొస్తూ బస్సులో చదివాను. తప్పులేమీ లేవు, అదే దాని జబ్బు. అమ్లోడిపిన్ వాడితే తలనొప్పి, ముఖం వేడెక్కడం, గుండె దడ, పాదాల వాపు అని వరసగా పెట్టేశావు, మందుల డబ్బాలో మడిచిపెట్టే కాగితంలాగా. ఆ కాగితం ఎవరు చదువుతారు చెప్పు?

నేను ఆరేళ్లుగా ఆ 5 మిల్లీగ్రాముల మాత్రే వేసుకుంటున్నాను. మొదట్లో సాయంత్రం చెప్పులు విప్పితే పట్టీ అచ్చు పాదం మీద అలాగే ఉండిపోయేది, వేలితో నొక్కితే గుంట పడి మెల్లగా పూడేది. కిడ్నీలు పోయాయేమోనని టెన్షన్ పడి, ఇంట్లో కూడా చెప్పకుండా మాత్ర మానేశాను. రెండు వారాలకి చూపించుకుంటే బీపీ పై అంకె 170 దాటింది, ఒంట్లో మాత్రం ఏ తేడా తెలియలేదు. నీ వ్యాసంలో లేనిది ఇదే.

వాపు ఎందుకొస్తుందో కూడా నువ్వు చెప్పలేదు. ఈ మాత్ర సన్న ధమనుల్ని వదులు చేస్తుంది, సిరల్ని అంతగా చేయదు, మధ్యలో ఉన్న కేశనాళికల (వెంట్రుకలాంటి సన్న రక్తనాళాల) మీద ఒత్తిడి పెరిగి నీరు బయటికి ఊరుతుంది. ఒంట్లో నీరు ఎక్కువై వచ్చింది కాదు కాబట్టి నీరు తీసే మాత్ర సొంతంగా కొని మింగినా పెద్దగా తగ్గదు. 10 మిల్లీగ్రాముల డోసుకి వాపు ఎక్కువ, ఆడవాళ్లలో ఇంకాస్త ఎక్కువ. డాక్టరుకి చెబితే డోసు తగ్గిస్తారు, లేదా టెల్మిసార్టాన్ లాంటి ఇంకో బీపీ మందు జత చేస్తారు (అది కడుపుతో ఉన్నవాళ్లకి పనికిరాదు, మర్చిపోకుండా రాయి). కానీ ఒక్క కాలే వాచినా, ఆయాసం వచ్చినా మాత్ర మీద నెట్టేసి కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలని గట్టిగా చెప్పు.

'ఎడీమా' కొట్టెయ్, 'కాళ్లకి నీరు పట్టింది' అను. 'వైద్యుని సంప్రదించండి' అని వదిలేయకు, వెళ్లి ఏం అడగాలో రాయి: కొలెస్ట్రాల్‌కి సిమ్వాస్టాటిన్ వాడేవాళ్లు ఆ సంగతి చెప్పాలి, అమ్లోడిపిన్‌తో కలిపితే సిమ్వాస్టాటిన్ రోజుకి 20 మిల్లీగ్రాములు దాటకూడదు. చిగుళ్లు ఉబ్బినా చెప్పాలి. నిన్న మర్చిపోయామని ఇవాళ రెండు వేసుకోకూడదు, ఈ మందు ఒంట్లో చాలాసేపు నిలుస్తుంది.

ఆదివారం ఆబిడ్స్‌లో పాత పుస్తకాల దగ్గరే ఉంటాను, మార్చి రాసింది పట్టుకురా.