ర్యాలీ అయిపోయాక వచ్చే సోమవారాలు

అడిగిన ప్రశ్న ఇది: "శాంతియుతంగా ర్యాలీలు, ధర్నాలు చేస్తే నిజంగా ఏమైనా మారుతుందా? ఉద్యోగం చేసుకునే మామూలు మనిషి వాటికి వెళ్లాల్సిన అవసరం ఉందా, ఓటు వేస్తే సరిపోదా?"

మారుతుంది. కానీ ర్యాలీ చేసిన రోజున మారదు. నేను రెండు రకాల ర్యాలీల్లో నడిచాను, ఒకటి చదువుకునే రోజుల్లో తెలంగాణ రాష్ట్రం కోసం, ఇంకొకటి నలభైకి దగ్గరపడ్డాక మా కాలనీ పక్క నాలా, అంటే వాననీళ్లు పోయే కాలువ కోసం. మొదటిది అందరికీ తెలుసు. రెండోది మా వీధి దాటితే ఎవరికీ తెలియదు, కానీ మీ ప్రశ్నకు జవాబు ఎక్కువగా రెండోదాంట్లోనే దొరికింది నాకు.

2009 నుంచి 2011 దాకా నేను కాకతీయ యూనివర్సిటీలో ఎంకామ్ చదివాను. 2009 డిసెంబర్ 9 రాత్రి తెలంగాణ ఇస్తామని కేంద్రం ప్రకటన రావడం, అదే నెల 23న మాట మారడం, ఆ రెండు వారాల్లో హాస్టల్‌లో ఎవరూ సరిగ్గా నిద్రపోలేదు. ఆ తర్వాత రోజుల్లో నన్ను ఎక్కువగా కదిలించింది ఉపన్యాసాలు కాదు, మా అమ్మ. అప్పటిదాకా ఒక్క మీటింగ్‌కైనా వెళ్లని మనిషి, రోడ్డు మీద బతుకమ్మ ఆడతారంట అని తెలిసి పూలు తెంపుకొని వచ్చేసింది. వంటావార్పు అంటే పక్కింటి వాళ్లతో కలిసి గిన్నెలు, బియ్యం మోసుకొచ్చి రోడ్డు మీదే పొయ్యి పెట్టింది. నినాదాలు ఇవ్వమంటే సిగ్గుపడే ఆడవాళ్లు వండడానికీ పాడడానికీ ఎందుకు వెనకాడతారు? వచ్చిన పనితోనే రమ్మన్నారు కాబట్టి వచ్చారు. 2011 సెప్టెంబర్ 13న మొదలై 42 రోజులు సాగిన సకల జనుల సమ్మె కూడా అలాంటిదే, సింగరేణి కార్మికుడు బొగ్గు తీయడం ఆపాడు, టీచర్ బడికి వెళ్లడం ఆపాడు, ఆర్టీసీ డ్రైవర్ బస్సు తీయలేదు, ఎవరి చేతిలో ఏ పని ఉందో దాంతోనే పాల్గొన్నారు.

అదే ఏడాది మార్చి 10న హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద పెట్టిన మిలియన్ మార్చ్‌కి మేం ఆరుగురం బయల్దేరాం గానీ పోలీసులు దారిలోనే దింపేశారు, హైదరాబాద్ చేరలేదు. సాయంత్రానికి ట్యాంక్‌బండ్ మీద విగ్రహాలు కూల్చారని తెలిసింది. ఆ తర్వాత చాలా రోజులు నేను ఎవరితో మాట్లాడినా విగ్రహాల సంగతే వచ్చేది. అన్ని అడ్డంకులు దాటి అక్కడిదాకా నడిచి వెళ్లినవాళ్ల సంగతి ఎవరూ అడగలేదు. అది ఈ రోజుకీ నాకు బాధే. ఒక్క రాయి పడితే వేలమంది నడక కనిపించకుండా పోతుందని అప్పుడు అర్థమైంది.

ఇక మా కాలనీ. 2023 జూలై చివర్లో వానలు గుర్తున్నాయి కదా, ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు పడింది, భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని వాగు ముంచేసింది. అదే వానకు తెల్లవారుజామున హనుమకొండలో మా ఇంట్లోకి నీళ్లొచ్చాయి. పిల్లల్ని మేడ మీదికి పంపి, నేనూ మా ఆయనా బియ్యం డబ్బా పైకెత్తేలోపు ఫ్రిజ్ తేలుతోంది. కాలనీ పక్కన నాలా ఉంది, ఏళ్ల తరబడి పూడిక తీయలేదు, రెండు పక్కలా కట్టడాలు ముందుకు జరిగి జరిగి సందులాగా మిగిలింది, అందరికీ తెలిసిన సంగతే, అంతకుముందు ఎన్నిసార్లు చెప్పినా సంబంధిత ఆఫీసులో "చూస్తాం" అన్నారు.

నీళ్లు తగ్గాక మొదటి మూడు రోజులూ మగవాళ్లు రోడ్డు బంద్ చేద్దామన్నారు. నేను వద్దన్నాను. ఆ రోడ్డు మీద ఎంజీఎం ఆసుపత్రికి పోయే ఆటోలుంటాయి, వాటిలో ఉండేది కూడా మనలాంటి మునిగిన ఇళ్లవాళ్లే. అప్పుడు మా వీధిలో బట్టలు కుట్టే వదిన ఒక మాట అన్నది, "చెల్లె, గోడ మీద నీళ్ల గీత ఇంకా పోలే, అది తుడిచేలోపు కొలుద్దాం." తన కుట్టు టేపే తీసుకొని ఇద్దరం ఇల్లిల్లూ తిరిగాం. 143 ఇళ్లు, రెండు రోజులు పట్టింది. ఇంటి నంబర్, ఇంటాయన లేదా ఇంటామె పేరు, నీళ్లు ఎన్ని అంగుళాల ఎత్తు వచ్చాయి, ఏమేం పాడయ్యాయి, సంతకం. మా ఇంట్లో 41 అంగుళాలు. చివరి వీధిలో ఒక పెద్దమ్మ ఇంట్లో 58. అర్జీ అంటే ఆ పట్టికే, దాని మీద నాలుగు వాక్యాల ఉత్తరం, అంతే.

తర్వాత పోలీసు అనుమతి. చాలామంది ఇక్కడే భయపడి ఆగిపోతారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. ఆయుధాలు లేకుండా శాంతియుతంగా గుమిగూడే హక్కు రాజ్యాంగంలోని 19(1)(బి) ఇచ్చింది, దాని మీద సహేతుకమైన ఆంక్షలు పెట్టే అధికారం 19(3) ప్రభుత్వానికి ఇచ్చింది. రెండూ పక్కపక్కనే ఉంటాయి. వీధుల్లో సభ పెట్టుకోవడాన్ని నియంత్రించవచ్చు గానీ, ఇస్తే ఇస్తాం లేకపోతే లేదు అన్నట్టు అధికారి ఇష్టానికి వదిలేయకూడదని సుప్రీంకోర్టు హిమ్మత్‌లాల్ షా కేసులో 1972లోనే చెప్పింది. అలాగే రోడ్డును నిరవధికంగా ఆక్రమించి కూర్చోవడం కుదరదని 2020లో ఢిల్లీ షాహీన్‌బాగ్ ధర్నా మీద ఇచ్చిన తీర్పులో అన్నది. ఇదివరకు 144 సెక్షన్ అనేవాళ్లమే, అది 2024 జూలై 1 నుంచి కొత్త చట్టంలో 163 అయింది, అది అమల్లో ఉందో లేదో ముందే కనుక్కోండి. దరఖాస్తులో తేదీ, సమయం, ఎక్కడి నుంచి ఎక్కడికి, సుమారు ఎంతమంది, బాధ్యులు ఎవరు, వాళ్ల ఫోన్ నంబర్లు రాయాలి. మైకు కావాలంటే దానికి విడిగా అడగాలి. మేం మైకు అడగలేదు. నాలుగు రోజుల ముందు ఇచ్చి, ఇచ్చినట్టు నకలు మీద స్టాంపు వేయించుకున్నాం.

రోజు కూడా ఆలోచించే పెట్టుకున్నాం. సోమవారం. ఎందుకంటే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది, అర్జీ తీసుకునే అధికారులు ఆ రోజు అక్కడే ఉంటారు. ఆదివారం ర్యాలీ చేస్తే జనం ఎక్కువ వస్తారన్నారు, నిజమే, కానీ మూసిన గేటుకు కాగితం ఇచ్చి ఏం లాభం? నేను పనిచేసే కాలేజీలో ముందుగానే చెప్పి సెలవు పెట్టాను. కారణం దాచలేదు.

అంబేద్కర్ విగ్రహం దగ్గర మొదలుపెట్టాం, 200 మందికి కొంచెం పైనే. జెండాలు వద్దనుకున్నాం. పాడైన వస్తువు ఒకటి పట్టుకురమ్మన్నాం. పిల్లలు ఉబ్బిపోయిన పుస్తకాలు తెచ్చారు, ఒకాయన పెళ్లి ఆల్బమ్ తెచ్చాడు, వదిన తుప్పుపట్టిన మిషన్ తల చంకన పెట్టుకొని నడిచింది. ఎడమ పక్క తాడు పట్టుకొని డిగ్రీ పిల్లలు పన్నెండుమంది, తాడు దాటి ఎవరూ రోడ్డు మధ్యలోకి రాకూడదు, అంబులెన్స్ వస్తే నినాదం ఆపేయాలి, ఇవే నియమాలు. మధ్యలో ఒక పార్టీ వాళ్లు బైకుల మీద వచ్చి జెండాలతో ముందు నడుస్తామన్నారు. మా కాలనీ పెద్దాయన చేతులు జోడించి, "జెండా మడిచి జేబులో పెట్టుకో బిడ్డా, నువ్వు రా" అన్నాడు. ఇద్దరు మడిచి నడిచారు, మిగతావాళ్లు వెళ్లిపోయారు.

గేటు దగ్గర మాత్రం నాకు టెన్షన్ వచ్చింది. ఒక అధికారి జీపు లోపలికి పోతుంటే మా కుర్రాళ్లలో నలుగురు బానెట్ మీద చరిచారు, డ్రైవర్ దిగాడు, పోలీసులు ఇటు కదిలారు. అంతలో 58 అంగుళాల ఇంటి పెద్దమ్మ, నడవలేక ఆటోలో వచ్చిన మనిషి, దిగి వాళ్ల ముందు నిలబడింది. "ఏంరా, మీ చెయ్యి పడితే రేపు పేపర్ల మీరే ఉంటరు, నా ఇల్లు ఉండది" అన్నది. కుర్రాళ్లు వెనక్కి తగ్గారు. శాంతియుతం అన్న మాట మనం చాలా తేలిగ్గా వాడేస్తాం గానీ, అది దానంతటది ఉండదు, ప్రతి పది నిమిషాలకూ ఎవరో ఒకరు ముందుకొచ్చి దాన్ని కాపాడాలి.

అర్జీ తీసుకున్నారు, రసీదు ఇచ్చారు. అధికారి పట్టిక తిరగేసి, "అంగుళాల్లో ఎవరు రాశారు?" అని అడిగారు. వదిన చెయ్యెత్తింది. ఆ రోజు అంతే జరిగింది.

అసలు పని అక్కడి నుంచి మొదలైంది. రోజు కూలీ పోకుండా వంతులు వేసుకున్నాం, సోమవారానికి ఇద్దరు చొప్పున. వెళ్లడం, రసీదు నంబర్ చూపించడం, ఎంతవరకు వచ్చిందో అడగడం, చెప్పింది నోట్‌బుక్‌లో రాసుకోవడం. మూడో సోమవారానికి గేటు దగ్గరి కానిస్టేబుల్ కూడా "నాలా వాళ్లా, పోండి" అనేవాడు. ర్యాలీ చేయకపోతే ఆ గుర్తింపు ఉండేది కాదు, సోమవారాలు వెళ్లకపోతే ఆ గుర్తింపు ఎందుకూ పనికొచ్చేది కాదు. మధ్యలో 10 రూపాయల ఫీజు కట్టి సమాచార హక్కు దరఖాస్తు వేశాం, రికార్డుల ప్రకారం నాలా వెడల్పు ఎంత, పనికి అంచనా వేశారా లేదా అని. 30 రోజుల్లో జవాబివ్వాలి, ఇచ్చారు, కాగితం మీద వెడల్పు చూసి మేమే నమ్మలేకపోయాం, ఇప్పుడున్న దానికి రెండింతలు.

అక్టోబర్ 9న అసెంబ్లీ ఎన్నికల కోడ్ వచ్చింది, ప్రజావాణి ఆగిపోయింది. మీరు అడిగిన ఓటు సంగతి ఇక్కడ చెప్తాను. ఓటు తప్పకుండా వేయాలి, మేమందరం వేశాం. కానీ ఓటు వేసే చోట మా నాలా గురించి రాయడానికి జాగా లేదు. ప్రచారానికి వచ్చిన ప్రతి అభ్యర్థికీ ఆ పట్టిక, రసీదులు, సమాచార హక్కు జవాబు ఉన్న ఫైలు చూపించి, ఒక జిరాక్స్ సెట్ చేతికిచ్చాం. డిసెంబర్‌లో మళ్లీ సోమవారాలు, మార్చి 16న లోక్‌సభ కోడ్, మళ్లీ జూన్ దాకా ఆగడం. మొత్తం 17 సోమవారాలు లెక్క తేలాయి. కొందరు విసుగొచ్చి మానేశారు, వాళ్లను నేను తప్పుపట్టను, పని మానుకుంటే పూట గడవని ఇళ్లు అవి.

2024లో పూడిక తీశారు, కల్వర్టు వెడల్పు చేశారు, రిటైనింగ్ వాల్ సగం దాకా కట్టారు. సగం దగ్గర ఆగింది. 2025 అక్టోబర్ చివర్లో మొంథా తుపానుకు హనుమకొండ, వరంగల్ మళ్లీ నీట మునిగినప్పుడు గోడ ఉన్న మూడు వీధుల్లో నీళ్లు గడప దాటలేదు. గోడ లేని వైపు మోకాళ్ల దాకా వచ్చాయి. పెద్దమ్మ ఇల్లు గోడ లేని వైపే ఉంది.

ఆ వారమే వదిన టేపు తీసింది. ఈసారి మేమే అడుగుతూ పోలేదు, నీళ్లొచ్చిన వీధులవాళ్లే వచ్చి పిలిచారు, వాళ్లలో 2023లో బానెట్ మీద చరిచిన కుర్రాడు ఒకడు, ఇప్పుడు పట్టిక వాడే ఫోన్‌లో టైప్ చేస్తున్నాడు. పాత రసీదు నంబర్ కిందే కొత్త అర్జీ ఇచ్చాం. రేపు సోమవారం వంతు నాదీ వదినదీ.