బ్రేకు పడలేదంటే చాలదు, పెడల్ ఏం చేసిందో రాయించండి

కొన్ని నెలలుగా ఈ శీర్షికకు హైదరాబాద్, రంగారెడ్డి, మేడ్చల్ జిల్లాల నుంచి ఒకే మోడల్ కుటుంబ కారు బ్రేకుల గురించి ఉత్తరాలు వస్తున్నాయి. కంపెనీ వివరణ ఇంకా అందలేదు కనుక ఆ కారు పేరు ఇక్కడ ఇవ్వడం లేదు. అయినా పాఠకులు అడిగిన సంగతులు ఏ కారు యజమానికైనా పనికివచ్చేవి కావడంతో కొన్ని ఉత్తరాలకు ఈ సంచికలో వివరంగా జవాబిస్తున్నాం.

ప్రశ్న: మాది మూడేళ్ల కిందట కొన్న ఏడు సీట్ల డీజిల్ కారు. కూకట్‌పల్లిలో ఫ్లైఓవర్ దిగుతున్నప్పుడు బ్రేకు తొక్కితే పడలేదు. ముందున్న ఆటోను వెంట్రుకవాసిలో తప్పించాను. సర్వీసు సెంటర్‌లో కంప్యూటర్ పెట్టి చూసి, లోపాన్ని చూపే కోడ్ ఏమీ రాలేదు, బ్రేకులు నార్మల్‌గానే ఉన్నాయని పంపేశారు. నెల తిరగకుండానే మళ్లీ అలాగే జరిగింది. ఇంట్లోవాళ్లు ఆ కారు ఎక్కాలంటేనే భయపడుతున్నారు. నేనేం చేయాలి?
– ఒక పాఠకుడు, నిజాంపేట

జవాబు: ముందుగా ఒక మాట. రెండుసార్లు బ్రేకు పడని కారును, కారణం తేలేవరకూ మీరు నడపకండి. సర్వీసు సెంటర్‌కు కూడా టోయింగ్ వాహనం మీదే పంపించండి.

మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన వివరం ఒకటి లేదు. బ్రేకు పడనప్పుడు పెడల్ రాయిలా బిగుసుకుపోయిందా, లేక మెత్తగా కింది దాకా దిగిపోయిందా? ఈ రెండూ పూర్తిగా వేర్వేరు లోపాలు. ఒకదానికి చేసే పరీక్షలో రెండోది బయటపడదు. మనం భయంలో ‘బ్రేకు ఫెయిలయింది’ అంటాం, సర్వీసు అడ్వైజరు జాబ్ కార్డు మీద ‘బ్రేక్ ప్రాబ్లమ్, చెక్’ అని రెండు ముక్కలు రాసుకుంటాడు, మెకానిక్ ఖాళీ రోడ్డు మీద ఒకసారి గట్టిగా తొక్కి చూసి బాగానే ఉందంటాడు. లోపం దొరకకుండా పోయేది చాలావరకు ఇక్కడే.

పెడల్ బిగుసుకుపోయి ఉంటే అనుమానించవలసింది బూస్టర్‌ను. బానెట్ తెరిస్తే డ్రైవరు వైపు వెనక గోడకు ఆనుకుని కనిపించే గుండ్రటి నల్ల డబ్బా అదే. అది వ్యాక్యూమ్ (గాలి లాగేయడంతో ఏర్పడే శూన్యం) సాయంతో మన కాలి బలాన్ని కొన్ని రెట్లు పెంచుతుంది. సాధారణ పెట్రోలు ఇంజిన్లలో ఆ వ్యాక్యూమ్ ఇంజిన్ గాలి పీల్చుకునే మార్గం నుంచే వస్తుంది. డీజిల్ ఇంజిన్‌లో అలా చాలినంత రాదు కనుక దానికి విడిగా ఒక పంపు ఉంటుంది. ఆ పంపు బలహీనపడినా, గొట్టం పగిలినా, గొట్టంలోని ఒకవైపు వాల్వు సరిగా మూసుకోకపోయినా, డబ్బా లోపలి రబ్బరు పొర చిరిగినా సాయం అందదు. అప్పుడు బ్రేకు పనిచేస్తూనే ఉంటుంది గానీ, అలవాటైన బలంతో తొక్కితే బండి ఆగదు. ఇంటి దగ్గర ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. ఇంజిన్ ఆపి ఉంచి పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కితే అది గట్టిపడుతుంది. అలా అదిమిపట్టి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు పెడల్ కాలి కింద కొద్దిగా దిగాలి. దిగలేదంటే బూస్టరుకు సాయం అందడం లేదని అర్థం. డీజిల్ కారు కనుక వ్యాక్యూమ్ పంపును గేజి పెట్టి కొలిచి చూడమని ప్రత్యేకంగా అడగండి.

పెడల్ మెత్తగా దిగిపోయి ఉంటే కథ వేరు. ఎక్కడో బ్రేకు ఆయిల్ కారుతూ ఉండాలి, లేదా ఆ ఆయిల్ వెళ్లే లైన్లలో గాలి చేరి ఉండాలి, లేదా పెడల్ నొక్కుడును ఆయిల్ ఒత్తిడిగా మార్చే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు సీళ్లు అరిగిపోయి ఉండాలి. ఈ మూడోది ఎక్కువగా మోసం చేస్తుంది. సీలు పక్కనుంచి ఆయిల్ జారినా అది సిలిండర్ లోపలే ఉంటుంది, బయటికి చుక్క కూడా రాదు. కనుక బ్రేకు ఆయిల్ పోసే డబ్బాలో ఆయిల్ నిండుగా ఉందన్న మాట లోపం లేదనడానికి రుజువు కాదు. అంతకన్నా తిరకాసు ఏమిటంటే, ఒక్కసారి గట్టిగా తొక్కినప్పుడు ఒత్తిడికి సీలు గోడకు అతుక్కుని పట్టేస్తుంది. ట్రాఫిక్‌లో మెల్లగా, తేలిగ్గా నొక్కి పట్టినప్పుడే జారుతుంది. అమీర్‌పేట సిగ్నల్ దగ్గర పెడల్ దిగిపోయిన కారు సర్వీసు సెంటర్ వెనకవీధిలో చక్కగా ఆగడానికి ఇదొక కారణం. ఇంజిన్ నడుస్తుండగా పెడల్‌ను తేలిగ్గా నొక్కి అర నిమిషం పట్టి ఉంచమనండి. కాలి కింద నెమ్మదిగా దిగుతూ పోతే ఆయిల్ బయటికి కారుతోందేమో ముందు చూడాలి, ఎక్కడా కారకపోతే మాస్టర్ సిలిండర్ విప్పవలసిందే.

‘కోడ్ రాలేదు’ అన్న జవాబుతో మీరు తృప్తి పడనక్కర్లేదు. సెన్సరు కొలిచేదాన్నే కంప్యూటర్ చెప్పగలదు. మాస్టర్ సిలిండర్ సీలు అరుగుదలను చెప్పే సెన్సరు మామూలు కార్లలో ఉండదు.

మరొక అవకాశం కూడా చెప్పాలి. పెడల్ కాలి కింద టకటకా కొట్టుకుని, ముందు నుంచి గరగరమని చప్పుడు వచ్చి ఉంటే అది ఏబీఎస్, అంటే గట్టిగా తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా ఆపే ఏర్పాటు, తన పని తాను చేయడం. కట్టడాల దగ్గర రోడ్డు మీద పడిన ఇసుక మీద, తొలకరి జల్లుకు జిడ్డుదేలిన తారు మీద ఇది తరచూ జరుగుతుంది. అది తెలియక చాలామంది భయపడి కాలు తీసేస్తారు. తీయకూడదు, నొక్కి పట్టి స్టీరింగ్‌తో తప్పించాలి. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి తయారైన కొత్త కార్లన్నిటిలోనూ ఏబీఎస్ తప్పనిసరి.

ఇప్పుడు జాబ్ కార్డు సంగతి. ఈసారి దాని మీద ఇలా రాయించండి: ‘ఫ్లైఓవర్ దిగుతూ 40 కిలోమీటర్ల వేగంలో, రెండోసారి తొక్కినప్పుడు పెడల్ గట్టిపడింది. ఏసీ వేసి ఉంది, ఆరుగురం ఉన్నాం, మీటరులో ఏ హెచ్చరిక లైటూ వెలగలేదు.’ మీ విషయంలో జరిగింది ఏదో అదే రాయించాలి. టెక్నీషియన్‌ను కారు పక్కన ఉండి మీతో మాట్లాడమనండి. లోపం దొరకలేదంటే ఏయే పరీక్షలు చేశారో, ఎంత రీడింగ్ వచ్చిందో కాగితం మీద ఇవ్వమనండి. ఇవ్వడానికి తటపటాయిస్తే అదే సంగతి కంపెనీ కస్టమర్ కేర్‌కు ఈ-మెయిల్ చేయండి.

ప్రశ్న: నడుస్తుండగా నిజంగానే బ్రేకు పడకపోతే ఆ క్షణంలో ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: నేటి కార్లలో బ్రేకు లైన్లు రెండు విడి భాగాలుగా ఉంటాయి. ముందు చక్రాలతో నడిచే కార్లలో చాలావరకు ఇవి ఐమూలగా వేసి ఉంటాయి. ఒక భాగం పోయినా రెండోది మిగులుతుంది. పెడల్ బాగా కిందికి దిగాక ఎంతో కొంత బ్రేకు దొరుకుతుంది. కనుక పెడల్ మెత్తగా దిగిపోతే వెంటవెంటనే తొక్కుతూ ఉండండి. గట్టిపడితే రెండు కాళ్లతో ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి ఒకే పట్టున అదమండి. రెండు సందర్భాల్లోనూ గేరు ఒక్కొక్కటే తగ్గించండి. ఆటోమేటిక్ అయితే లో గేరుకో, మాన్యువల్ మోడ్‌కో మార్చండి. హ్యాండ్‌బ్రేకు ఒక్కసారిగా లాగితే వెనక చక్రాలు బిగిసి బండి అదుపు తప్పి గిర్రున తిరగవచ్చు. బటన్ నొక్కి ఉంచి కొంచెం కొంచెంగా లాగాలి. లివరు బదులు ఎలక్ట్రానిక్ స్విచ్ ఉన్న కార్లలో దాన్ని లాగి పట్టి ఉంచితే చాలావరకు బండి తనంతట తానే నెమ్మదిస్తుంది. మీ మాన్యువల్‌లో ఆ పేజీ ఇవాళే చూడండి.

ఇంజిన్ మాత్రం ఆపకండి. ఆపితే బూస్టరులో ఒకటి రెండు తొక్కులకు సరిపడా వ్యాక్యూమే మిగులుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది, తాళం బయటికి తీస్తే స్టీరింగ్ లాక్ పడే ప్రమాదం కూడా ఉంది.

ప్రశ్న: కుటుంబంతో శ్రీశైలం వెళ్తూ దోమలపెంట దాటాక దిగుడులో చక్రాల దగ్గర కాలిన వాసన వచ్చింది. కాసేపటికి పెడల్ మెత్తబడింది. అరగంట ఆపితే మామూలైంది. ఇది కారు లోపమా, నా తప్పా?
– ఒక పాఠకుడు, ఎల్బీ నగర్

జవాబు: రెండూ కొంత కొంత ఉండవచ్చు. ఏడుగురిని, సామాన్లను మోస్తున్న బండిని టాప్ గేరులో వదిలి, దిగుడంతా పెడల్ మీదే కాలు ఉంచితే ఆ వేడి ప్యాడ్లకు, డిస్కులకు, అక్కణ్నుంచి ఆయిల్‌కు చేరుతుంది. ఆయిల్‌లో నీరు కలిసి ఉంటే అది మరిగి ఆవిరి బుడగలవుతుంది. ద్రవాన్ని నొక్కితే ఒత్తిడి చక్రానికి చేరుతుంది, ఆవిరిని నొక్కితే అది కుదించుకుపోతుందే తప్ప ఒత్తిడి చేరదు. పెడల్ మెత్తబడింది అందుకే. చల్లారితే ఆవిరి మళ్లీ ద్రవమవుతుంది కనుక సర్వీసు సెంటర్‌కు వెళ్లేసరికి అంతా సవ్యంగా కనిపిస్తుంది.

ఆయిల్‌లోకి నీరు ఎక్కణ్నుంచి వస్తుందని అడగవచ్చు. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకునే స్వభావం కలది. కొత్త డాట్ 3 రకం బ్రేకు ఆయిల్ కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. అందులో 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 4 విషయంలో ఈ అంకెలు 230, 155. రంగు మారలేదు కదా అని మెకానిక్ అంటాడు గానీ, నీరు చేరినట్లు రంగు చెప్పదు. అందుకే ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్నదానితో నిమిత్తం లేకుండా చాలా కంపెనీలు రెండేళ్లకో మూడేళ్లకో ఆయిల్ మొత్తం మార్చమంటాయి. మీ జాబ్ కార్డుల్లో బ్రేకు ఆయిల్ ‘టాప్ అప్’ అని ఉందా, ‘రీప్లేస్’ అని ఉందా చూసుకోండి. పైపైన పోయడం మార్చడం కాదు. రాణిగంజ్‌లోనో మరోచోటో కొని మీరే తెచ్చినా సీలు విప్పని సీసానే వాడించండి. సగం వాడి మూతపెట్టిన సీసా వద్దు. ఇంజిన్ ఆయిల్ గానీ, పవర్ స్టీరింగ్ ఆయిల్ గానీ పొరపాటున పడితే రబ్బరు సీళ్లన్నీ ఉబ్బి పాడవుతాయి.

ఆయిల్ ఒకసారి మరిగింది కనుక ఇప్పుడే మార్పించి, ప్యాడ్లు, వెనక బ్రేకు షూలు విప్పి చూపించండి. ఇక మీదట ఏ గేరులో ఘాట్ రోడ్డు ఎక్కుతారో ఆ గేరులోనే దిగండి.

ప్రశ్న: మా కారుకూ, మా అపార్ట్‌మెంట్‌లో అదే మోడల్ ఉన్న మరొకరికీ ఒకే బ్రేకు సమస్య వచ్చింది. కంపెనీ చేత రీకాల్ చేయించడం మావల్ల అవుతుందా? వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చా?
– ఒక పాఠకురాలు, అల్వాల్

జవాబు: అవుతుంది, అయితే ఫిర్యాదులు నమోదు కావాలి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 110ఏ సెక్షన్ ప్రకారం, లోపం ప్రయాణికులకు గానీ రోడ్డు మీది ఇతరులకు గానీ హాని చేసేదైతే వాహనాలను వెనక్కి పిలిపించమని కేంద్ర ప్రభుత్వం తయారీదారును ఆదేశించవచ్చు. దీని నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్నాయి. ఏడేళ్ల లోపు వాహనాలకు ఇవి వర్తిస్తాయి. మోడల్ ఏడాదికి ఎన్ని అమ్ముడవుతుందన్నదాన్ని బట్టి ఎన్ని ఫిర్యాదులు రావాలో నిర్ణయించారు. ఆదేశం మేరకు రీకాల్ చేయవలసి వస్తే 10 లక్షల నుంచి కోటి రూపాయల వరకు జరిమానా ఉంది. అంటే సర్వీసు సెంటర్ కౌంటర్ దగ్గర ఎంత గొడవపడినా అది ఆ లెక్కలోకి రాదు. రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ పరివాహన్ వెబ్‌సైటులోని రీకాల్ పోర్టల్‌లో మీరిద్దరూ విడివిడిగా ఫిర్యాదు నమోదు చేయండి.

కంపెనీలు తమంతట తామే చేసే రీకాళ్లూ ఉన్నాయి. 2022 అక్టోబరులో మారుతీ సుజుకీ వెనక బ్రేకు అసెంబ్లీలోని ఒక పిన్ను విరిగే అవకాశం ఉందంటూ వ్యాగన్ ఆర్, సెలెరియో, ఇగ్నిస్ మోడళ్లలో 9,925 కార్లను వెనక్కి పిలిచింది. అవి దాదాపు ఒక నెల వ్యవధిలో తయారైనవి. మీ రెండు కార్లూ ఏ నెలలో తయారయ్యాయో, ఛాసిస్ నంబర్లు దగ్గరదగ్గరగా ఉన్నాయేమో పోల్చి చూడమనేది ఇందుకే. ఒకే విడతలో వచ్చిన భాగాల లోపమైతే అక్కడ ఆధారం దొరుకుతుంది.

వినియోగదారుల కమిషన్‌కు తప్పక వెళ్లవచ్చు. కారుకు చెల్లించిన ధర 50 లక్షలు దాటకపోతే జిల్లా కమిషన్ చాలు. 2019 నాటి చట్టం ప్రకారం మీరు నివసించే చోటే కేసు వేయవచ్చు. కారు ధర 10 నుంచి 20 లక్షల మధ్య ఉంటే ఫీజు 400 రూపాయలే. కారణం తలెత్తిన రెండేళ్లలోగా వేయాలి. ముందుగా 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేసుకోవడం మేలు, కొన్ని తగాదాలు అక్కడే తీరతాయి. తయారీ లోపం ఉందని నిరూపించే భారం మాత్రం మీదే. ఈ తరహా కేసులు బలహీనపడేది ఇక్కడే. మార్చిన మాస్టర్ సిలిండర్‌నో బూస్టర్‌నో వారంటీ పేరుతో వాళ్లే ఉంచుకుంటారు, తర్వాత పరీక్షించడానికి ఏమీ మిగలదు. పాత భాగం ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి. ఇవ్వలేమంటే ఆ జవాబు కూడా రాతలోనే తీసుకుని, భాగాన్ని విప్పే ముందు, విప్పిన తర్వాత దాని నంబరు కనబడేలా ఫొటోలు తీసి పెట్టుకోండి. పరీక్ష లేకుండా లోపం తేలదనిపిస్తే ప్రయోగశాలకు పంపించే అధికారం కమిషన్‌కు ఉంది. ఆ విన్నపం మొదటి పిటిషన్‌లోనే చేర్చమని మీ లాయరు గారికి చెప్పండి.

ప్రశ్న: సెల్లార్‌లో పెట్టిన మా కారులో ఏబీఎస్ లైటు వెలిగి ఆరడం లేదు. బ్రేకులు మాత్రం పడుతున్నాయి. నడపవచ్చా?
– ఒక పాఠకుడు, మణికొండ

జవాబు: ఏబీఎస్ లైటు ఒక్కటే వెలిగితే మామూలు బ్రేకు ఉంటుంది, గట్టిగా తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా ఆపే ఏర్పాటు మాత్రం ఉండదు. నెమ్మదిగా సర్వీసు సెంటర్ దాకా వెళ్లవచ్చు. దానితోపాటు ఎర్రటి బ్రేకు లైటు కూడా వెలిగితే, హ్యాండ్‌బ్రేకు వేసి లేదని చూసుకున్నాక, కారు కదపకండి. సెల్లార్లలో ఎలుకలు చక్రాల వెనక ఉండే సన్నటి సెన్సరు వైర్లను కొరికేయడం మామూలే. చక్రం లోపలి వైపు టార్చి వేసి చూస్తే తెగిన వైరు తరచుగా కంటికే కనిపిస్తుంది. తెగిన చోట టేపు చుట్టి ఊరుకుంటే తొలి వానకే లైటు మళ్లీ వెలుగుతుంది. ఆ సెన్సరును వైరుతో సహా మార్పించండి.