అమ్మలూ, ఎస్టర్ చేసి చూపించే ముందు ఇది చదువు

అమ్మలూ,

మీ అమ్మ రాత్రి ఫోన్ చేసి చెప్పింది, కోరాపుట్‌లో నీ ప్లస్ టూ పిల్లలకి వచ్చే వారం ఎస్టర్, అదే యాసిడ్, ఆల్కహాల్ కలిస్తే పుట్టే ఆ వాసన పదార్థం, చేసి చూపిస్తావంట కదా. మన ఇంట్లోంచి ఒక ఆడపిల్ల కెమిస్ట్రీ లెక్చరర్ అయ్యి, బోర్డు మీద ఈక్వేషన్ రాసి వదిలెయ్యకుండా పిల్లల చేత వాసన చూపిస్తానంటే నాకెంత గర్వంగా ఉందో చెప్పలేను. కానీ విన్న దగ్గర్నుంచి నిద్ర పట్టలేదు, ఎందుకో కింద రాస్తున్నా, మొత్తం చదువు, సగం చదివి సరే మావయ్యా అని పక్కన పెట్టెయ్యకు.

చెయ్యడం నీకు తెలిసిందే. ఒక ఎంఎల్ గ్లేషియల్ (నీళ్ళు కలవని) ఎసిటిక్ యాసిడ్, ఒక ఎంఎల్ ఇథనాల్, ఆఖర్న రెండు మూడు చుక్కలు గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్, వేడినీళ్ళల్లో ఐదు పది నిమిషాలు, తర్వాత సోడా కలిపిన నీళ్ళల్లో పొయ్యడం. మీ వైపు చలికి ఎసిటిక్ యాసిడ్ సీసాలోనే గడ్డకట్టి ఉండొచ్చు, 16.6 డిగ్రీల కిందకి వెళ్తే చాలు కదా, పాడైపోయిందనుకుని పారబొయ్యకు, గోరువెచ్చటి నీళ్ళ గిన్నెలో నిలబెడితే కరిగిపోద్ది. మంట దగ్గరికి మాత్రం తీసుకెళ్ళకు.

నా భయం అంతా ఆ మంటే.

నేను ల్యాబ్‌లో కొత్తగా చేరిన రోజులవి, కాలేజీ పేరెందుకులే. నాతోపాటు ఒక డిమాన్‌స్ట్రేటర్ ఉండేవారు, చాలా మంచి మనిషి, పిల్లలంటే ప్రాణం, ఆయనకీ నీలాగే అందరికీ వాసన తెలియాలని ఆరాటం. ఆ రోజు గంట కొట్టే టైం అయిపోతోంది, నీళ్ళేమో కాగట్లేదు, ఆయన టెస్ట్‌ట్యూబ్ తీసి నేరుగా స్పిరిట్ ల్యాంపు మీద పెట్టేశారు. అందులో తయారయ్యే ఎస్టర్, ఇథైల్ ఎసిటేట్, 77 డిగ్రీలకే మరిగిపోద్ది, ఇథనాల్ 78కి. అడుగు ఒక్కసారిగా కాగి మొత్తం పైకి చిమ్మింది, ట్యూబ్ మూతి ముందు బెంచీ వైపు ఉంది, చిమ్మింది కొంత ల్యాంపు మీద పడి భగ్గుమంది. ముందు బెంచీలో పర్లాకిమిడి వైపు నుంచి వచ్చిన కుర్రాడు, వాడి చెంప మీద, మెడ మీద పడింది. అందులో యాసిడ్ కూడా ఉంది కదమ్మా. ఎవరో గుడ్డతో తుడవబోతుంటే నేను వాణ్ణి లాక్కెళ్ళి కుళాయి కింద పెట్టాను, చాలాసేపు నీళ్ళు పోస్తూనే ఉన్నాం, బల్ల మీద మంటకి అటెండరు ఇసక బకెట్ బోర్లించాడు. కన్ను దక్కింది, మచ్చ మాత్రం ఉండిపోయింది. ఆ డిమాన్‌స్ట్రేటర్ గారు తర్వాత పిల్లల ముందు మళ్ళీ ఏదీ చేసి చూపించలేదు, అంత ఇష్టంగా చెప్పే మనిషి బోర్డు దగ్గరే ఉండిపోయారు. నీకలా కాకూడదు తల్లీ, నా బాధ అదే.

అందుకని చెప్తున్నా, నీళ్ళు స్టాఫ్ రూమ్‌లోనే కాచి ఫ్లాస్కులో పోసుకుని క్లాసుకి తీసుకెళ్ళు. గదిలో దీపం, అగ్గిపుల్ల ఏదీ ఉండకూడదు. ఇథైల్ ఎసిటేట్ మైనస్ నాలుగు డిగ్రీల దగ్గరే అంటుకునేంత ఆవిరి ఇస్తది, ఆ ఆవిరి గాలి కన్నా మూడు రెట్లు బరువు, బల్ల మీద పాకుతూ ఎక్కడో ఉన్న మంటని అందుకుంటది. ట్యూబ్ మూతి గోడ వైపు. యాసిడ్ సీసా నీ చేతిలోనే, ఎంత తెలివైన పిల్లాడు అడిగినా ఇవ్వకు. వాసన మూతి దగ్గర ముక్కు పెట్టి కాదు, చేత్తో విసురుకుని.

ఇంకో సంగతి, ఆయన పడిన తొందరకి ఫలితం కూడా ఏమంత లేదు. వేడి పెంచితే రియాక్షన్ త్వరగా అయితది గానీ ఎస్టర్ పెద్దగా పెరగదు. యాసిడ్, ఆల్కహాల్ మోల్‌కి మోల్, అంటే అణువుల లెక్కన సమానంగా, కలిపితే మూడింట రెండు వంతులు ఎస్టర్ అయ్యాక అక్కడే నిలుస్తది, ఎందుకంటే పుట్టిన నీళ్ళు ఎస్టర్‌ని మళ్ళీ వెనక్కి విరగ్గొడుతుంటాయి. ఫ్రాన్సు కెమిస్టు బెర్తెలో, ఆయన తోటి సాంజిల్ 1862లోనే ఇది చూశారు. నిజంగా ఎస్టర్ ఎక్కువ కావాలంటే ఆల్కహాల్ ఎక్కువ పొయ్యాలి, లేదంటే నీళ్ళని బయటికి లాగాలి. ఇది పిల్లలకి తప్పకుండా చెప్పు, మార్కుల కోసం కాదు, తొందరపడితే ఒరిగేదేం లేదని తెలియాలి.

ఇప్పసారాతో చెయ్యొచ్చా మేడం అని మీ వైపు పిల్లలు తప్పకుండా అడుగుతారు. కోప్పడకు, మంచి ప్రశ్న అది. అందులో నీళ్ళే ఎక్కువ, ఆ నీళ్ళు ఎస్టర్‌ని తయారవ్వనివ్వవు అని చెప్పు, రెండు వంతుల లెక్క వాళ్ళకి అప్పుడు ఎక్కుతది. మా గంజాం మొగలిపువ్వు గురించి అడిగితే మాత్రం ఎస్టర్ అని చెప్పేయకు, దాని అసలు వాసన ఫినైల్ ఇథైల్ మిథైల్ ఈథర్‌ది. మల్లెపూలలో అయితే బెంజైల్ ఎసిటేట్ ఉంటది, అది ఎస్టరే, జడలో పెట్టుకుని వెళ్ళు, అదే నీ చార్టు.

ఎస్టర్‌తో పాటు పుట్టే నీళ్ళల్లోకి పోయే ఓహెచ్ (ఆక్సిజన్, హైడ్రోజన్ జంట) ఎవరిది, యాసిడ్‌దా ఆల్కహాల్‌దా అని కూడా అడుగు. చాలామంది ఆల్కహాల్‌ది అంటారు, యాసిడ్ కదా హెచ్ ఇస్తది అని. 1938లో రాబర్ట్స్, యూరీ అనే కెమిస్టులు బరువైన ఆక్సిజన్ 18 ఉన్న మిథనాల్‌తో బెంజోయిక్ యాసిడ్‌ని కలిపి చూస్తే ఆ ఆక్సిజన్ ఎస్టర్‌లోనే దొరికింది, అంటే ఓహెచ్ ఇచ్చింది యాసిడే. నాకు ఇది చెప్తున్నప్పుడల్లా ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తది.

హీరాఖండ్ రైల్లో మనవాళ్ళు కోరాపుట్ వస్తున్నారు, ల్యాబ్‌లో కళ్ళకి రక్షణగా పెట్టుకునే కళ్ళద్దాలు వాళ్ళ చేత పంపిస్తాను, డబ్బుల మాట ఎత్తకు. ఎంతమంది పిల్లలో రేపటికల్లా చెప్పు, ముందు బెంచీ వాళ్ళకే కాదు, అందరికీ కొంటాను.

మీ మావయ్య
బరంపురం