ముందు తూటా, ఆ తరువాతే రైఫిల్

ప్రశ్న: నేను టెక్సస్‌లో ఉద్యోగం చేస్తున్నాను. సహోద్యోగి ఒకరు కౌబాయ్ యాక్షన్ షూటింగ్ (కౌబాయ్‌ల కాలం నాటి తరహా తుపాకులతో వేగంగా గురి కాల్చే ఆట) పోటీకి తీసుకువెళ్లినప్పటి నుంచి ఆ ఆట మీద మనసు పడింది. రివాల్వర్లు, షాట్‌గన్ కొన్నాళ్లు అరువు ఇస్తామన్నారు కాబట్టి మొదట లీవర్ యాక్షన్ రైఫిల్ (కింది మీటను తోసి తూటా ఎక్కించేది) కొనాలనుకుంటున్నాను. .45 కోల్ట్ అయితేనే అసలైన కౌబాయ్ తూటా అని కొందరు, .38 స్పెషల్ చాలని మరికొందరు అంటున్నారు. వించెస్టర్ 1873, వించెస్టర్ 1892, మార్లిన్ 1894 నమూనాలలో దేనిని ఎంచుకోవాలి?
– ఒక పాఠకుడు, టెక్సస్

జవాబు: రైఫిల్ సంగతి కాసేపు పక్కన పెట్టి ముందు తూటా తేల్చుకోండి. రెండు రివాల్వర్లూ రైఫిలూ ఒకే తూటాతో పేలితే ఒక్క రకం మందుగుండు కొనుక్కుంటే సరిపోతుంది. పోటీ హడావిడిలో ఒక తుపాకీ తూటా మరొక దానిలోకి వెళ్లే ప్రమాదమూ ఉండదు. అరువు రివాల్వర్లు ఏ తూటావో కనుక్కోండి గాని, వాటికి కట్టుబడనక్కరలేదు. అవి ఎలాగూ తిరిగి ఇచ్చేవే.

ఈ ఆటకు బలమైన తూటా అవసరం లేదు. ఈ ఆటను నడిపే సింగిల్ యాక్షన్ షూటింగ్ సొసైటీ నిబంధనల ప్రకారం గుండు (తూటాలోంచి దూసుకెళ్లే సీసపు ముక్క) వేగం రైఫిల్‌లో సెకనుకు 1400 అడుగులు, రివాల్వర్‌లో 1000 అడుగులు దాటరాదు. కనీస బలానికి కూడా ఒక లెక్క ఉంది: గ్రెయిన్లలో (గుండు బరువు కొలిచే చిన్న ప్రమాణం) గుండు బరువును సెకనుకు అడుగులలో వేగంతో హెచ్చవేసి 1000తో భాగిస్తే వచ్చే అంకె 60కి తగ్గకూడదు. 105 గ్రెయిన్ల గుండు 600 అడుగుల వేగంతో వెళ్తే 63 వస్తుంది, అంటే నిబంధన నెగ్గినట్టే. గురి తప్పిన ప్రతి గుండుకూ 5 సెకన్లు కలుపుతారు. లక్ష్యాలు దగ్గరలో నిలిపిన ఉక్కు పలకలు. ఇక్కడ గెలిపించేది కాల్చినప్పుడు వెనక్కి తన్నడం తక్కువగా ఉండి, తరువాతి పలక మీదికి తుపాకీని తొందరగా తిప్పనిచ్చే తూటాయే గాని భుజాన్ని కుమ్మేది కాదు.

ఈ లెక్కన కొత్తవారికి నేను .38 స్పెషల్ చెబుతాను. గుండు చిన్నది, మందు తక్కువ పడుతుంది, ఖర్చూ తక్కువే. .45 కోల్ట్ చెడ్డ తూటా అని కాదు. దాని కేసు (మందు నింపే లోహపు గొట్టం) పాతకాలపు నల్ల తుపాకిమందు రోజుల్లో పుట్టింది, లోపల చాలా ఖాళీ ఉంటుంది. అంత పెద్ద కేసులో నేటి పొగలేని మందు చిటికెడు పోస్తే అది ఒకసారి ఒకలా, మరోసారి మరోలా అంటుకుంటుంది. పీడనం తక్కువ కాబట్టి కేసు ఉబ్బి చాంబర్ (తుపాకీలో తూటా కూర్చునే గది) గోడకు గట్టిగా అతుక్కోదు, మసి సందులోంచి వెనక్కి చిమ్ముతుంది. తేలికపాటి .45 తూటాలు పది కాల్చి ఖాళీ కేసులను ఏరి చూడండి, ఒక పక్కంతా కాటుక పూసినట్టు నల్లగా ఉంటుంది. పలుచని గోడలున్న .44-40 కేసుకు ఈ జబ్బు తక్కువ. అందుకే నల్ల తుపాకిమందు విభాగంలో పోటీ చేసేవారు చాలామంది దానిని వదలరు.

‘అసలైన కౌబాయ్ తూటా’ అన్న మాట రివాల్వర్ వరకు నిజమే గాని రైఫిల్‌కు చెల్లదు. వించెస్టర్ 1873 తన కాలంలో ప్రధానంగా .44-40, .38-40, .32-20 తూటాలకు వచ్చింది. .45 కోల్ట్‌కు ఆ రైఫిల్ అప్పట్లో లేనే లేదు; నేడు దొరికేవన్నీ ఆధునిక ప్రతిరూపాలు. కనుక చరిత్ర పేరు చెప్పి ఎవరైనా ఒత్తిడి చేస్తే మొహమాటపడనక్కరలేదు.

ఇప్పుడు రైఫిల్. పోటీలలో ముందు వరుసలో ఎక్కువగా కనిపించేది ఊబెర్టీ వంటివారు తయారుచేసే 1873 ప్రతిరూపం. దాని లోపల మోకాలు కీలులా మడిచి చాచే లింకులు ఉంటాయి, వాటి వల్లే లీవర్ నూనె రాసినట్టు కదులుతుంది. తూటాలు నిల్వ ఉండే మ్యాగజైన్ గొట్టంలోంచి వచ్చిన తూటా క్యారియర్ అనే దిమ్మలో కూర్చుంటుంది, లీవర్ కిందికి తోయగానే ఆ దిమ్మ తూటాతో సహా నిటారుగా పైకి లేస్తుంది. ఆ సమయంలో గొట్టంలోని తరువాతి తూటాను దిమ్మలోకి రాకుండా ఆపేది ముందున్న తూటా పొడవే. అది మరీ పొట్టిదైతే తరువాతి తూటా అంచు దిమ్మలోకి తొంగిచూస్తుంది. మరీ పొడవైతే దాని మూతి గొట్టంలోనే ఉండిపోతుంది. రెండు సందర్భాలలోనూ దిమ్మ లేవదు, లీవర్ బిగుసుకుపోతుంది. .38 స్పెషల్ పూర్తి పొడవు గరిష్ఠంగా 1.550 అంగుళాలు, కాని తేలిక గుండు పెట్టినప్పుడు తూటా దానికంటే బాగా పొట్టిగా తయారవుతుంది. తూటా కుదరక పేచీ పెట్టే రైఫిల్‌ను పాడైందనుకుని మరమ్మతుకు తీసుకువెళ్లేవారిని చూస్తుంటే జాలి వేస్తుంది.

జాన్ బ్రౌనింగ్ రూపకల్పన చేసిన 1892 నమూనా వీటన్నిటిలో దృఢమైనది. ఆ బలం వేటకు ఉపయోగం, ఈ ఆటలో వృథా. మార్లిన్ 1894లో లీవర్ మర ఒక్కటి విప్పితే బోల్టు బయటికి వస్తుంది కాబట్టి శుభ్రం చేయడం సులువు. అయితే అందులో క్యారియర్ అరిగితే రెండో తూటా దాని కిందికి జారి ఇరుక్కునే పాత తెగులు ఉంది. బాగా వాడినది కొంటే ఆ భాగం తప్పక చూడండి. మొత్తం మీద నా ఓటు .38 స్పెషల్ పట్టే 1873కే.

ప్రశ్న: ఇంట్లో .357 మాగ్నమ్ జాకెట్ (గుండుకు రాగి తొడుగున్న) తూటాలు చాలా మిగిలి ఉన్నాయి. .357 రైఫిల్ కొంటే వాటిని పోటీలో ఖర్చు చేయవచ్చా?

జవాబు: చేయకూడదు. రైఫిల్‌కూ రివాల్వర్లకూ రాగి తొడుగు లేని సీసపు గుండే వాడాలన్నది నిబంధన. మెత్తని సీసం ఉక్కు పలక మీద చితికి చెల్లాచెదురవుతుంది. రాగి తొడుగు మాత్రం చీలి పదునైన ముక్కలుగా వెనక్కి రాగలదు. రక్షణ కళ్లద్దాలు లేకుండా చూడటానికి వచ్చినవారిని కూడా కాల్పుల గీత దగ్గరకు రానివ్వనిది ఇందుకే. అయితే .357 చాంబర్‌లో .38 స్పెషల్ పేలుతుంది కాబట్టి ఆ రైఫిల్ కొనడంలో తప్పు లేదు.

గుండు మూతి చదునుగా ఉండాలన్నది అంతకంటే ముఖ్యం. గొట్టపు మ్యాగజైన్‌లో తూటాలు ఒకదాని వెనుక ఒకటి వరుసగా నిలుస్తాయి, వెనుక తూటా మూతి ముందు తూటా ప్రైమర్‌ను (దెబ్బ తగలగానే మందును అంటించే, తూటా అడుగున ఉండే భాగం) ఆనుకుని ఉంటుంది. మొనదేలిన గుండు అక్కడ సుత్తి మొన పని చేయగలదు. సొంతంగా తూటాలు నింపుకునేవారు ప్రైమర్ కేసు అడుగు కంటే పైకి ఉబ్బి లేదని ప్రతి తూటానూ వేలితో తడిమి చూసుకోవాలి. గుండు బిగించే ముందు ప్రతి కేసులోకీ వెలుతురులో తొంగిచూడాలి. మందు కొద్దిగానే పడుతుంది కనుక పొరపాటున రెండుసార్లు పోసినా కేసు నిండదు, బయటికి తెలియదు.

ప్రశ్న: దుకాణంలో రైఫిల్‌ను ఎలా పరీక్షించాలి? లీవర్ తిప్పే దూరాన్ని తగ్గించే మార్పు కూడా వెంటనే చేయించాలా?

జవాబు: మీరు వాడబోయే గుండుతో, అదే పొడవుతో, మందూ ప్రైమరూ లేని ఉత్తుత్తి తూటాలు పది తయారుచేయించుకుని, దుకాణదారు అనుమతితో రైఫిల్‌లో నింపి లీవర్‌ను మొదట నెమ్మదిగా, తరువాత పోటీ వేగంతో తిప్పి చూడండి. పదీ తడబడకుండా బయటికి వస్తే బేరం చేయవచ్చు. లీవర్ మార్పు ఇప్పుడు వద్దు. ఒక ఏడాది ఆడితే మీ చేయి ఎక్కడ ఆలస్యమవుతున్నదో తెలుస్తుంది, అప్పుడు చేయించుకోవచ్చు. ముందుగా లీవర్‌కు తోలు చుట్టించుకోండి. లేకపోతే రెండో పోటీకల్లా వేలి వెనుక చర్మం లేచిపోతుంది.