అమెరికాలో వీసా గడువు దాటిపోయిన పిల్లలు కాలేజీలో చేరొచ్చా? ఫీజులెలా కడతారు?

చేరొచ్చు. కాగితాలు లేనివాళ్ళు కాలేజీలో చదవకూడదని అక్కడ ఫెడరల్ (కేంద్ర) చట్టమేదీ లేదు. కానీ అలబామా, సౌత్ కరోలినా లాంటి రాష్ట్రాలు మాత్రం ప్రభుత్వ కాలేజీల్లోకి రానివ్వవు, కాబట్టి ముందు ఏ రాష్ట్రమో చూసుకోండి.

అసలు టెన్షన్ అంతా డబ్బు దగ్గరే. పెల్ గ్రాంట్ (డబ్బు తక్కువున్న విద్యార్థులకి తిరిగి కట్టక్కర్లేకుండా ఇచ్చేది) లాంటి ఫెడరల్ సాయం, ఫెడరల్ లోన్లు వీళ్ళకి రావు. పైగా చాలాచోట్ల బయటి రాష్ట్రం వాళ్ళకి వేసే ఫీజే వేస్తారు, అది లోకల్ ఫీజుకి రెండు మూడు రెట్లు కూడా ఉండొచ్చు. కాలిఫోర్నియా ఈ విషయంలో నయం: 2001లో వచ్చిన ఏబీ 540 చట్టం ప్రకారం అక్కడ మూడేళ్ళు హైస్కూల్ చదివి పాసైతే లోకల్ ఫీజే, డ్రీమ్ యాక్ట్ అప్లికేషన్ పెడితే రాష్ట్రం ఇచ్చే గ్రాంట్లూ అందుతాయి. టెక్సాస్‌లో కూడా 2001 నుంచి ఇలాంటి చట్టమే ఉండేది గానీ 2025 జూన్‌లో కోర్టు ఆపేసింది, అందుకే పాత సలహాలు నమ్మకండి.

చేతిలో డబ్బు తక్కువుంటే మొదటి రెండేళ్ళు కమ్యూనిటీ కాలేజీలో (ఫీజు తక్కువుండే రెండేళ్ళ కోర్సుల కాలేజీ) చదివి, తర్వాత యూనివర్సిటీకి మారడం నా లెక్కలో తెలివైన పని (మన వాళ్ళు పరువు తక్కువ అనుకుంటారు, పట్టించుకోకండి). ఇలాంటి పిల్లలకి సాయపడే ‘ద డ్రీమ్ డాట్ యూఎస్’ లాంటి సంస్థల స్కాలర్‌షిప్‌లకీ ప్రయత్నించండి. కొన్ని ప్రైవేట్ కాలేజీలు సొంత నిధుల నుంచి బాగానే ఇస్తాయి.

ఫారాల్లో మాత్రం వేరేవాళ్ళ సోషల్ సెక్యూరిటీ నంబర్ (అక్కడి ప్రభుత్వం ఒక్కొక్కరికీ ఇచ్చే నంబర్) రాయొద్దు, అమెరికా పౌరుణ్ణని టిక్కు పెట్టొద్దు. తర్వాత గ్రీన్‌కార్డ్‌కి దారి దొరికినా అదే అడ్డుపడుతుంది.