ఉరుముల మేఘం కిందే ఉన్నా 90 కి.మీ. పైన గాలి ఎందుకు కదులుతుంది?

ఉరుముల మేఘాలు 15, 16 కి.మీ. దగ్గర ఆగిపోతాయి కదా, వాటి ప్రభావం అయనోవరణం (ఎండకు గాలి కణాలు విద్యుదావేశం పొందిన పై పొర) దాకా ఎలా పోతుందని మీ సందేహం. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి తిరుపతి దగ్గర గాదంకి లైడార్ (లేజర్ కాంతిని పైకి పంపి, తిరిగొచ్చిన వెలుతురుతో ఉష్ణోగ్రత కొలిచే పరికరం) డేటా మీద పనిచేశాను, అందుకే రాస్తున్నాను.

మేఘంలో జోరుగా లేచిన గాలి పైనున్న నిలకడైన పొరను గుద్దుతుంది. అక్కడ ఎత్తుకు నెట్టబడిన గాలి చుట్టూ ఉన్నదానికన్నా బరువు కాబట్టి కిందికి దిగుతుంది, దిగి మళ్లీ లేస్తుంది. ఆ ఊపు తరంగంగా పైకి పాకుతుంది. వీటినే గురుత్వ తరంగాలు (gravity waves) అంటారు. కొండల మీదుగా వీచే గాలి కూడా ఇలాంటి తరంగాలే పుట్టిస్తుంది. ఐన్‌స్టీన్ చెప్పిన గురుత్వాకర్షణ తరంగాలు (gravitational waves) వేరు, వాటితో కలపకండి.

90 కి.మీ. దగ్గర గాలి సాంద్రత నేల మీద ఉన్నదాంట్లో సుమారు 3 లక్షల్లో ఒక వంతే. మోసుకెళ్తున్న శక్తి అంతే, కదిలించాల్సిన గాలేమో తక్కువ, అందుకని ఊపు పెరుగుతూ పోతుంది. లైడార్ ఉష్ణోగ్రతల్లోంచి ఆ రాత్రి సగటు తీసేసి చూస్తే ఇది కళ్లకు కడుతుంది: 40 కి.మీ. దగ్గర ఒకటి రెండు డిగ్రీల తేడా, 70 దగ్గర పది దాకా. తమాషా ఏంటంటే, గంటలు గడిచేకొద్దీ గ్రాఫులో అలల శిఖరాలు కిందికి జారుతుంటాయి. శిఖరాలు దిగుతున్నాయంటే శక్తి పైకి పోతున్నట్టు. ఇది బుర్రకెక్కడానికి నాకు చాలా టైమ్ పట్టింది. ఇంకో చిక్కు, అలలు జోరుగా పుట్టే వానాకాలంలోనే మబ్బులు అడ్డొచ్చి లైడార్ పనికిరాదు!

నా దృష్టిలో అసలు కథ అల విరిగాక మొదలవుతుంది. మరీ పెద్దదైతే విరిగి, తన ద్రవ్యవేగాన్ని అక్కడి గాలికి ఇచ్చేస్తుంది. దాంతో మీసో ఆవరణంలో (సుమారు 50 నుంచి 90 కి.మీ. దాకా ఉన్న పొర) తూర్పు పడమరలుగా వీచే జోరు గాలులకు బ్రేక్ పడి, వేసవి ధ్రువం నుంచి శీతాకాల ధ్రువం వైపు గాలి మళ్లుతుంది. వేసవి ధ్రువం మీద గాలి పైకి లేచి, వ్యాకోచించి చల్లబడుతుంది. అందుకే రోజంతా ఎండ కాసే చోట, 85-90 కి.మీ. ఎత్తులో మైనస్ 130 డిగ్రీల దాకా చలి. శీతాకాల ధ్రువం మీద అదే ఎత్తులో అంతకన్నా వెచ్చగా ఉంటుంది. సూర్యుణ్ని మాత్రమే లెక్కలోకి తీసుకుంటే జవాబు తిరగబడాలి.

ఇక అయనోవరణం. మన అక్షాంశాల్లో పొద్దుగూకాక దాని అడుగు భాగం అస్థిరమవుతుంది. ఈ తరంగాలు అక్కడ వేసే చిన్న అలజడి ప్లాస్మా బుడగలకు (విద్యుదావేశ కణాలు బాగా పలచబడి పైకి లేచే ప్రాంతాలకు) విత్తనం కాగలదు. బుడగలు లేచిన రాత్రి జీపీఎస్ సిగ్నల్ మినుకుమినుకుమంటుంది.