ఆరాధన ముగిసిన మరునాటి వెలితి

అన్నగారికి ప్రభువు నామమున వందనములు. ఉద్యోగ విరమణ తరువాత ప్రతి ఆదివారం ఆరాధనకు వెళ్తున్నా, సోమవారం తెల్లవారేసరికి ఈ బ్రతుకు ఎందుకోసమో తెలియడం లేదని మీరు రాసిన మాట నన్ను కదిలించింది.

మీ విశ్వాసంలో లోపమున్నదని నేను అనుకోవడం లేదు. ఆరాధన మందిరపు గడప దగ్గరే ఆగిపోవడం వల్ల ఈ వెలితి కలుగుతున్నదని నా అభిప్రాయం. బైబిలులోని రోమా పత్రిక (రోమా విశ్వాసులకు రాసిన లేఖ) 12వ అధ్యాయం మొదటి వచనంలో, మన శరీరాలనే సజీవ యాగంగా దేవునికి సమర్పించుకొమ్మని పౌలు బతిమాలుతాడు. అక్కడ మన తెలుగు బైబిలులో ‘సేవ’ అని ఉన్నచోట గ్రీకు మూలంలో కనిపించే ‘లాత్రేయా’ అనే పదానికి ఆరాధన, సేవ అనే రెండర్థాలూ ఉన్నాయి.

1912లో బిషప్పుగా అభిషేకం పొంది దోర్నకల్‌లో పరిచర్య చేసిన వి.ఎస్. అజరయ్య గారు, బాప్తిస్మం పొందినవారి చేత తలపై చేయి ఉంచుకొని, సువార్త ప్రకటించకపోతే తమకు శ్రమ, అంటే కీడు, అని పలికించేవారు. వారిలో అనేకులు అక్షరం రాని, ఊరి వెలుపలికి నెట్టబడిన కూలీలు; అయినా విశ్వాసంలోకి వచ్చిన దినాననే వారికొక పని అప్పగించబడింది.

కనుక ఈ వారమే మీ పాస్టరు గారిని కలిసి, చూపు మందగించిన ఒక వృద్ధునికి రోజూ వాక్యం చదివి వినిపించే బాధ్యతనో, సండేస్కూలు పిల్లల తరగతినో అడిగి తీసుకోండి. అనేక పనులు వద్దు, ఒక్కటి చాలు. నిద్ర పట్టకపోవడం, నిరాశ వారాల తరబడి కొనసాగితే వైద్యుణ్ణి కూడా సంప్రదించండి. ప్రార్థనకూ చికిత్సకూ విరోధం లేదు.